బానిసలకు స్వేచ్ఛ రాసిచ్చిన వాషింగ్టన్‌ను మెచ్చుకోవాలా, నిలదీయాలా?

పాతపుటలు:
అమెరికా తొలి అధ్యక్షుల జీవితాలు వరుసగా చదువుతున్నాను. ఒక విషయం మీద మీ అభిప్రాయాలు కావాలి.

జార్జ్ వాషింగ్టన్ 1799 జూలైలో వీలునామా రాశాడు. తన సొంత బానిసలందరినీ భార్య మార్తా తదనంతరం విడిచిపెట్టాలన్నాడు. ఆ డిసెంబర్ 14న కన్నుమూశాడు. మొదటి అయిదుగురు అధ్యక్షుల్లో జాన్ ఆడమ్స్ ఒక్కడే బానిసల్ని ఉంచుకోలేదు. మిగతా నలుగురూ వర్జీనియా భూస్వాములే. ఆ నలుగురిలో తన బానిసలందరికీ స్వేచ్ఛ రాసినవాడు వాషింగ్టన్ మాత్రమే. స్వాతంత్ర్య ప్రకటనలో స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసిన మూడో అధ్యక్షుడు జెఫర్సన్ తన వీలునామాలో అయిదుగురికే విముక్తి ఇచ్చాడు. ఆయన పోయాక 1827 జనవరిలో, అప్పుల కింద, ఆయన ఎస్టేట్ మాంటిచెల్లోలో 130 మందిని వేలానికి పెట్టారు. ఇది చూశాక వాషింగ్టన్ చేసింది చిన్న పని అనలేం. నేనైతే మెచ్చుకోవాలనే అంటాను.

ఓరుగల్లు:
జెఫర్సన్ పక్కన నిలబెడితే ఎవరైనా మంచివాళ్లే అనిపిస్తారండీ. వాషింగ్టన్ అధ్యక్షుడిగా అప్పటి రాజధాని, పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియాలో ఉన్నప్పుడు ఏం చేశాడో చూడండి.

పెన్సిల్వేనియా 1780లోనే బానిసత్వాన్ని క్రమంగా తీసేసే చట్టం చేసింది. బయటి రాష్ట్రం నుంచి తెచ్చిన బానిస అక్కడ వరసగా ఆరు నెలలు ఉంటే స్వేచ్ఛ అడగొచ్చు. ఆ గడువు పడకుండా మనుషుల్ని సరిహద్దు దాటించి మళ్లీ తెచ్చే పద్ధతిని 1788 సవరణ నిషేధించింది. అయినా వాషింగ్టన్ సరిగ్గా అదే చేశాడు. ఆరు నెలలు నిండేలోగా తన ఇంటి పనివాళ్లను రాష్ట్రం దాటించి తిరిగి రప్పించేవాడు. 1791లో కార్యదర్శి టోబియస్ లియర్‌కు రాసిన ఉత్తరంలో, వాళ్లకీ జనానికీ అసలు సంగతి తెలియకుండా ఏదో ఒక సాకు చెప్పి పంపమన్నాడు. దేశాధ్యక్షుడు తాను ఉంటున్న ఊరి చట్టానికి ఇలా గండికొట్టాడు. ఎనిమిదేళ్ల తర్వాత రాసిన వీలునామాతో ఇదంతా మాసిపోతుందా?

పొటోమాక్‌తీరం:
నేను ఉండేది వర్జీనియాలోనే, వాషింగ్టన్ ఎస్టేట్ మౌంట్ వెర్నన్‌కు చాలాసార్లు వెళ్లాను. ఎంతమందికి స్వేచ్ఛ వచ్చిందనేది ఇక్కడ ముఖ్యం.

1799లో ఆ ఎస్టేట్‌లో 317 మంది బానిసలున్నారు. అందులో వాషింగ్టన్ సొంతం 123 మంది. 153 మంది మార్తా మొదటి భర్త కస్టిస్ ఆస్తిలో ఆమె వాటాగా వచ్చినవాళ్లు. మిగిలినవాళ్లు అద్దెకు తెచ్చినవాళ్లు. కస్టిస్ వాటా మీద మార్తాకు బతికున్నన్నాళ్లు అనుభవించే హక్కు తప్ప విడిపించే హక్కు లేదు. వాషింగ్టన్‌కూ లేదు. ఆమె తర్వాత వాళ్లు వారసులకు పోవాల్సిందే.

అసలు బాధ ఇక్కడే ఉంది. ఈ రెండు వర్గాలవాళ్లూ ఏళ్ల తరబడి పెళ్లిళ్లతో కలిసిపోయారు. బిడ్డ తల్లి యజమానికే చెందుతుందన్నది అక్కడి చట్టం. భర్త వాషింగ్టన్ మనిషి, భార్య కస్టిస్ వాటా అయితే భర్తకు స్వేచ్ఛ వస్తుంది, భార్యాపిల్లలు బానిసలుగానే మిగులుతారు. ఈ చిక్కు వాషింగ్టనే వీలునామాలో రాసుకున్నాడు. చివరికి జరిగిందీ అదే. 1802లో మార్తా పోయాక కస్టిస్ బానిసల్ని ఆమె నలుగురు మనవళ్లు, మనవరాళ్లకు పంచారు. కుటుంబాలు నాలుగు దిక్కులైపోయాయి.

అక్కడ వాషింగ్టన్ సమాధికి కొద్ది దూరంలోనే బానిసల శ్మశానం ఉంది. సమాధుల మీద పేర్లు లేవు. 1929లో ఒక ఫలకం, 1983లో ఒక స్మారకం పెట్టారు. వెళ్లినవాళ్లు భవనం చూసి వెనక్కి రాకుండా అక్కడికీ వెళ్లండి.

ఓరుగల్లు:
పొటోమాక్‌తీరం గారూ, చట్టం అడ్డం వచ్చిందంటే కస్టిస్ వాటా వరకు ఒప్పుకుంటా. తన సొంత 123 మందికి ఏ చట్టం అడ్డం? యజమాని తన బానిసల్ని సొంతంగా విడిపించుకోవచ్చని వర్జీనియా 1782లోనే చట్టం చేసింది. అదే వర్జీనియాలో రాబర్ట్ కార్టర్ అనే భూస్వామి 1791లో, బతికుండగానే, దస్తావేజు రాసి 450 మందికి పైగా బానిసల్ని దశలవారీగా విడిపించడం మొదలుపెట్టాడు. అంటే చెయ్యొచ్చు. ఒకరు చేసి చూపించారు కూడా.

మధుమాలతి:
మీ ఇద్దరూ చట్టం గురించే మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ఓనా జడ్జ్ కథే ముఖ్యం అనిపిస్తుంది.

ఆమె మార్తా దగ్గర ఉండే అమ్మాయి, కస్టిస్ వాటా. తనను మార్తా మనవరాలికి ఇచ్చేస్తారని తెలిసింది. 1796 మే 21న, ఫిలడెల్ఫియా ఇంట్లోవాళ్లు వర్జీనియా ప్రయాణానికి సామాన్లు సర్దుకుంటుంటే తనూ సర్దుకుంది. వాళ్లు భోజనానికి కూర్చున్నప్పుడు వెళ్లిపోయింది. ఓడెక్కి న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. పారిపోయిన బానిసల్ని పట్టుకునే చట్టంపై వాషింగ్టన్ 1793లో తానే సంతకం చేశాడు. దాని ప్రకారం మేజిస్ట్రేట్ ముందుకు వెళ్లాలి. ఆయన ఆ దారి వదిలి అక్కడి కస్టమ్స్ అధికారిని పంపాడు. వాషింగ్టన్, మార్తా ఇద్దరి తర్వాత స్వేచ్ఛ ఇస్తామంటే తిరిగొస్తానని ఆమె కబురు పెట్టింది. ఆయన ఒప్పుకోలేదు. తనను వదిలిపోయిన మనిషికి అలా మాటిస్తే, నమ్మకంగా ఉన్నవాళ్లకు అన్యాయం చేసినట్టవుతుందని ఆయన వాదన. 1799లో, అంటే వీలునామా రాసిన సంవత్సరంలోనే, మళ్లీ మనిషిని పంపించాడు. సెనేటర్ జాన్ లాంగ్డన్ ఇంటి నుంచి ముందే హెచ్చరిక అందడంతో ఆమె తప్పించుకుంది.

ముసలితనంలో ఒక పత్రికవాళ్లు ఆమెను కలిశారు. వాషింగ్టన్ ఇంట్లో ఇంతకంటే సుఖంగా ఉండేదానివి కదా, బాధ లేదా అని అడిగారు. లేదు, నేను స్వేచ్ఛగా ఉన్నాను అంది. 1848లో చనిపోయేదాకా చట్టం లెక్కల్లో ఆమె పారిపోయిన బానిసే. ఆమె పిల్లలూ అంతే.

పాతపుటలు:
మధుమాలతి గారూ, మీరు చెప్పింది కాదనను. అయినా నా మాట మీదే ఉంటాను, వీలునామా వివరాల వల్ల.

పనిచెయ్యలేని ముసలివాళ్లకు తిండి, బట్ట ఎస్టేట్ నుంచే ఇవ్వాలన్నాడు. 1833 దాకా ఆ డబ్బు ఇస్తూనే వచ్చారు. తల్లిదండ్రులు లేని పిల్లలకు చదువు, చేతిపని నేర్పించాలన్నాడు. స్వాతంత్ర్య యుద్ధమంతా తన వెంట ఉన్న బానిస విలియం లీకి వెంటనే స్వేచ్ఛ, ఏటా 30 డాలర్లు రాశాడు. ఎవరినీ ఏ సాకుతోనూ వర్జీనియా దాటించి అమ్మకూడదన్నాడు. సాకులు ఎలా చెప్తారో ఆయనకు బాగా తెలుసు, 1791 ఉత్తరమే సాక్ష్యం. అందుకే ఆ దారి మూసేశాడని నేను అనుకుంటున్నాను. తన వారసుల్ని నమ్మకుండా రాసిన కాగితం అది.

మధుమాలతి:
వారసుల్ని నమ్మలేదు, బాగుంది. మార్తా తదనంతరం అన్న ఆ ఒక్క షరతు ఏం చేసిందో కూడా చూడండి. ఆమె ప్రాణం పోతే తప్ప వందమందికి పైగా మనుషులకు స్వేచ్ఛ రాదు. ఆ ఇంట్లోనే ఆమె ఉండాలి. తన ప్రాణానికి భద్రత లేదని మార్తా భయపడుతోందని జాన్ ఆడమ్స్ భార్య అబిగైల్ ఆడమ్స్ 1800 డిసెంబర్‌లో ఉత్తరం రాసింది. మార్తా తన మరణం దాకా ఆగలేదు. 1801 జనవరి 1న వాళ్లను విడిచిపెట్టింది. అంత జాగ్రత్తగా రాసిన మనిషి తన 123 మందికి తన మరణంతోనే స్వేచ్ఛ రాయొచ్చు కదా?

పొటోమాక్‌తీరం:
కుటుంబాలు విడిపోవడాన్ని మార్తా బతికున్నన్నాళ్లైనా ఆపాలని అలా పెట్టానని ఆయనే రాశాడు. అది నిజమైన కారణమనే నా నమ్మకం. దానితోపాటు ఆమె బతికినంతకాలం పొలాలు నడిచే ఏర్పాటు కూడా అయింది, అదీ దాచక్కర్లేదు.