అప్‌డేట్: మోదుగ గింజల సారం, గొర్రెల నులిపురుగులు

గొర్రెల నులిపురుగులకు మోదుగ గింజల సారం పనిచేస్తుందా, అది విషమో కాదో మా విజయనగరం కాలేజీ ల్యాబ్‌లోనే ఎలా తేల్చుకోవాలని అడిగాను కదా. రెండు పరీక్షలూ అయ్యాయి. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పెంటికలు జల్లెడ పట్టి, ఉప్పునీళ్లలో తేల్చి నులిపురుగుల గుడ్లు తీశాం. 48 గంటలయ్యాక చూస్తే ఉత్త నీళ్లలో లార్వాలు మెలికలు తిరుగుతున్నాయి. సారం కలిపిన చోట చాలా గుడ్లు పొదగనే లేదు. మైక్రోస్కోప్ కింద, పెంకు లోపలే చుట్టుకుని ఆగిపోయిన పురుగు స్పష్టంగా కనిపించింది. ఎంత సంతోషమేసిందో!

విషం సంగతి ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్యల పిల్లల మీద చూశాం. 24 గంటల్లో సగం పిల్లల్ని చంపే మోతాదు మిల్లీలీటరుకు 1000 మైక్రోగ్రాముల లోపుంటే విషపూరితం అన్నది 1982 నుంచీ వాడుకలో ఉన్న కొలత. మాది ఆ లోపే వచ్చింది. సారాన్ని కరిగించడానికి వాడిన డీఎంఎస్‌ఓ అనే ద్రావకం ఒక్కటే కలిపిన నీళ్లలో పిల్లలు బాగానే ఉన్నాయి కాబట్టి ద్రావకాన్ని అనుమానించక్కర్లేదు.

నా టెన్షన్ అంతా ఇక్కడే. గుడ్లను ఆపే మోతాదు, రొయ్యపిల్లల్ని చంపే మోతాదు మరీ దగ్గరగా ఉన్నాయి. "మన మందకి పట్టించీమంటావేటి?" అని చినమామయ్య అడిగితే గట్టిగా వద్దన్నాను. పశువైద్యులు రాసే ఆల్బెండజోలే వాడమన్నాను, అదీ చూడి తొలినాళ్లలో ఉన్న గొర్రెలకు కాకుండా. ఇక గుడ్లను ఆపేది, విషమయ్యేది ఒకటేనా వేరువేరా అని చూడ్డానికి సారాన్ని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగాన్నీ మళ్లీ రెండు పరీక్షలకూ పెడతాం.