స్పేస్ స్టేషన్‌లో గురుత్వాకర్షణ లేకపోతే అది భూమి చుట్టూ ఎందుకు తిరుగుతోంది?

వైట్‌ఫీల్డ్_అమ్మ:
మా పాప ఎనిమిదో తరగతి. మొన్న నెహ్రూ ప్లానెటేరియం చూసి వచ్చినప్పటి నుంచి ఇదే అడుగుతోంది. గురుత్వాకర్షణ లేకపోతే స్టేషన్ ఎటో వెళ్లిపోవాలి కదా అంటోంది, నిజమే అనిపిస్తోంది. ఇంకొకటి, అక్కడ కొవ్వొత్తి వెలిగిస్తే మంట ఎటు పోతుంది? నా డౌట్ కూడా ఒకటి ఉంది. బరువే లేనప్పుడు కదులుతున్న ఇనప బీరువాని ఒక్క వేలితో ఆపేయొచ్చా?

సర్జాపూర్_మాస్టారు:
పాప పట్టుకున్నది అసలైన పాయింట్ అండీ. స్టేషన్ ఉండేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో, అక్కడ భూమి ఆకర్షణ ఇక్కడి దాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. స్టేషన్ నిజానికి కింద పడుతూనే ఉంది, కాకపోతే సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పక్కకి కూడా పోతోంది కాబట్టి అది ఎంత పడుతోందో నేల కూడా అంతే వంగిపోతోంది. లోపలి మనిషి, పెన్ను, నీటిబొట్టు అన్నీ కలిసే పడుతుంటే ఒకదాన్ని ఇంకొకటి నొక్కదు, తేలినట్టు ఉంటుంది.

ఇది ఇంట్లోనే చూపించొచ్చు. ప్లాస్టిక్ బాటిల్‌కి అడుగున పక్కగా చిల్లు పెట్టి, నీళ్లు నింపి, మూత తీసి ఉంచితే నీళ్లు చిమ్ముతాయి. స్టూలెక్కి బాటిల్‌ని బకెట్లోకి వదిలేయండి, పడుతున్నంతసేపూ చిల్లులోంచి ధార రాదు. పై నీళ్లు కింది నీళ్లని నొక్కడం వల్లే కదా అది చిమ్మేది, ఆ నొక్కుడే ఆగిపోయింది. ఫోన్లో స్లో మోషన్ పెట్టి తీయండి, లేకపోతే కంటికి అందదు.

కోరమంగళ_కెమిస్ట్రీ:
మంట గురించి నేను చెప్తాను. ఇక్కడ వేడిగాలి తేలిక కాబట్టి పైకి లేస్తుంది, దాని చోట్లోకి కింది నుంచి చల్లగాలి వస్తుంది, అందుకే మంట మొనదేలి నిలబడుతుంది. అక్కడ తేలికైనది పైకి లేవడం అన్నదే లేదు. ఆక్సిజన్ మెల్లగా చుట్టుపక్కల నుంచి చేరాలి, అందువల్ల మంట చిన్నగా, గుండ్రంగా, నీలంగా ఉంటుంది. నీళ్లు మరిగించినా బుడగలు పైకి రావు. స్టేషన్‌లో ఫ్యాన్లు ఎప్పుడూ తిరుగుతూ ఉండాల్సిందీ ఇందుకే, లేకపోతే నిద్రపోయే మనిషి వదిలిన కార్బన్ డయాక్సైడ్ ముఖం దగ్గరే పేరుకుపోతుంది.

సర్జాపూర్_మాస్టారు:
బీరువా మర్చిపోయాం. బరువు పోయినా ద్రవ్యరాశి పోదండీ. 100 కిలోల బీరువాని 10 న్యూటన్లతో, అంటే ఇక్కడ ఒక కిలో మోసేంత బలంతో, నెడితే 10 సెకన్లకి సెకనుకి ఒక మీటరు వేగం అందుకుంటుంది. ఆపాలన్నా అంతే బలం, అంతే సేపు పెట్టాలి, ఈలోగా అది ఇంకో 5 మీటర్లు పోతుంది. గోడకీ దానికీ మధ్య వేలు ఉంటే నలిగిపోతుంది.

వైట్‌ఫీల్డ్_అమ్మ:
చాలా థ్యాంక్స్ అండీ. మరి అక్కడ ఒంటి బరువు ఎలా చూసుకుంటారు?

కోరమంగళ_కెమిస్ట్రీ:
మామూలు తూకం పనిచేయదు. స్ప్రింగు ఉన్న పరికరాన్ని పట్టుకుని ఊగుతారు, ద్రవ్యరాశి ఎక్కువైతే ఊగడం నెమ్మదిస్తుంది, ఒక ఊపుకి పట్టే సమయాన్ని బట్టి లెక్క కడతారు. లోలకం ఉన్న గోడ గడియారం మాత్రం అక్కడ నడవదు, చేతి వాచీ నడుస్తుంది. ఎందుకో పాపనే ఆలోచించమనండి.