పాఠశాల క్రీడోత్సవాల్లో పాటలకు నిబంధనలు అవసరమా?

ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ:
గత నెల మా అమ్మాయి చదివే పాఠశాల వార్షిక క్రీడోత్సవానికి వెళ్లాను. ఆరో తరగతి ఆడపిల్లలు మార్చ్‌పాస్ట్ ముగించుకొని వరుసల్లో నిలబడి ఉండగా, డీజే పెట్టెల్లోంచి పల్లవి మొదలు చివరి చరణం దాకా స్త్రీ శరీర వర్ణన తప్ప మరేమీ లేని ఐటెం పాట ఒకటి వినిపించింది. పిల్లలు ఒక్క మాట తప్పు పోకుండా అందుకొని పాడుతుంటే వేదిక మీది పెద్దలు చప్పట్లు కొట్టారు. డాన్స్ రియాలిటీ కార్యక్రమాల్లో చిన్నపిల్లలను అసభ్యంగా చూపవద్దని కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2019లోనే టీవీ ఛానళ్లకు సూచించింది. టీవీకి ఉన్న పట్టింపు బడి మైదానానికి ఎందుకు ఉండకూడదు? ప్రధానోపాధ్యాయులు సంతకం చేసిన జాబితాలోని పాటలనే వేయాలన్న నిబంధన విశాఖ జిల్లా అంతటా రావాలని నా అభిప్రాయం.

డిగ్రీ విద్యార్థి, గోపాలపట్నం:
అమ్మా, మీ బాధ సమంజసమే గాని, జాబితా అనగానే నాకు భయం వేస్తుంది. దాన్ని రాసేవారికి యాభై ఏళ్లు దాటి ఉంటాయి, వినవలసినవారికి పన్నెండేళ్లు. పోనీ, సెన్సార్ ధ్రువపత్రాన్ని ప్రమాణంగా తీసుకుందామంటే, పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడదగిన సినిమాలకిచ్చే యు/ఎ తరగతిని 2023 చట్ట సవరణతో 7, 13, 16 ఏళ్ల వారీగా విడదీశారు నిజమే, కాని ఆ ధ్రువపత్రం సినిమాకు ఇచ్చేదే తప్ప పాటకు కాదు. సినిమా కంటే నెల ముందే యూట్యూబ్‌లోకి వచ్చే పాటకు అసలు ధ్రువపత్రమే ఉండదు. పెద్దలకు మాత్రమే అన్న సినిమాలో చక్కని జోలపాట ఉండవచ్చు, ఇంటిల్లిపాదీ చూసే సినిమాలో మీరు విన్నటువంటి పాటే ఉండవచ్చు. నేను చదివిన బడిలో అసలు తగవు సాహిత్యం మీద కాదు, ఏ హీరో పాట ముందు వేశారన్న దాని మీద వచ్చేది.

మహారాణిపేట నివాసి:
మీరిద్దరూ మాటల గురించి వాదించుకుంటున్నారు, నన్ను బాధించేది మోత. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి తప్పనిసరి. ఆసుపత్రులు, న్యాయస్థానాలు, విద్యాసంస్థల చుట్టూ నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన 100 మీటర్ల మేర పగటి పరిమితి 50 డెసిబెల్స్. అంటే ఏ బడి ప్రశాంతత కోసం నిబంధన పెట్టారో ఆ బడే పెట్టెలు అద్దెకు తెచ్చుకుంటోంది.

విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, గాజువాక:
ముప్పై ఏళ్లు విజిల్ పట్టినవాడిగా నేను చెప్పేది వేరు. క్రీడాపోటీలో పాట సంగతి తేల్చే ముందు, ఆ ఆటకు తనదైన ధ్వని ఉందా లేదా అని చూడాలి. కబడ్డీలో కూత తెగిందా లేదా అన్నది రిఫరీ చెవితో తేలుస్తాడు. కూత సరిగా పెట్టని ఆటగాణ్ణి వెనక్కి పిలిచి, ఎదుటి జట్టుకు పాయింటుతో పాటు కూతకు వచ్చే అవకాశం ఇవ్వాలన్నది నియమం. పక్కనే డీజే మోగుతుంటే పదమూడేళ్ల పిల్లవాడి గొంతు రిఫరీకి ఎలా చేరుతుంది? పాట మోతలో కూత వినపడక పాయింటు పోయి, కోర్టులోనే కూర్చుని ఏడ్చిన పిల్లవాణ్ణి ఒక పోటీలో నేనే ఓదార్చాను. ఖోఖోలోనూ అంతే, వీపు తట్టి 'ఖో' అన్న మాట స్పష్టంగా, గట్టిగా పలకకపోతే ఫౌల్. పరుగు పందెంలో 'సెట్' అన్నాక మైదానమంతా ఊపిరి బిగబట్టాలి. మార్చ్‌పాస్ట్‌లో పెద్ద డ్రమ్ము దెబ్బకు ఎడమ కాలు పడాలి, పైనుంచి సినిమా పాట తోడైతే పిల్లలు ఏ దెబ్బకు అడుగు వేయాలి? మా రోజుల్లో విరామంలో పిల్లలు మన ఉత్తరాంధ్ర జానపద నృత్యమైన తప్పెటగుళ్లు ఆడేవారు. నేను విజిల్ వేస్తే టక్కున ఆగేవారు. ఇప్పటి డీజే అబ్బాయి చెవులకు హెడ్‌ఫోన్లుంటాయి, నా విజిల్ అతనికి వినపడదు. కాబట్టి నిబంధన ఒక్కటి చాలు: ఏ కోర్టులో ఆట సాగుతున్నా పెట్టెలు ఆపివేయాలి.

ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ:
మాస్టారూ, కూత సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే నేను విన్న పాట ఆట మధ్యలో రాలేదు, మార్చ్‌పాస్ట్ అయ్యాక విరామంలో వచ్చింది. మీ నిబంధన ప్రకారం ఆ పాటకు ఏ అడ్డూ ఉండదు కదా?

విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, గాజువాక:
నిజమే తల్లీ, అక్కడ నా వాదన చాలదు. చాలాచోట్ల డీజేతో మాట్లాడుకునేది అద్దె గురించే, పాటలు అతని ఫోనులోంచే వస్తాయి. పాటలున్న పెన్‌డ్రైవ్‌ను బడే ఇచ్చి, అందులో లేనిది వేస్తే డబ్బులివ్వబోమని బేరంలోనే చెప్పాలి. పెన్‌డ్రైవ్‌లో ఏముండాలో తొమ్మిదో తరగతి పిల్లలను ఎంచమనండి, ఇద్దరు ఉపాధ్యాయులు కూర్చుని మొదటినుంచి చివరిదాకా విని సరేననాలి. పల్లవి విని వదిలేయకూడదు, చిక్కంతా చరణాల్లోనే ఉంటుంది.

ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ:
తల్లిదండ్రుల సమావేశంలో ఈ రెండూ రాతపూర్వకంగా ఇస్తాను. జాబితా అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు, పిల్లలు రాసినా అది జాబితాయే.

డిగ్రీ విద్యార్థి, గోపాలపట్నం:
రాసేది పిల్లలైతే నాకు అభ్యంతరం లేదు. ఏ హీరోకు ఎన్ని పాటలో మాత్రం ముందే లెక్క చూసుకోమనండి.