అప్‌డేట్: అన్ని పదాలకూ "చూశాను" అంటున్నారు, ఎందుకు?

ఒడిశాలోని పర్లాకిమిడి తెలుగువాళ్లతో పెట్టిన గుర్తింపు పరీక్షలో (ముందు కొన్ని పదాలు చూపి, తర్వాత వాటిలో కొత్తవి కలిపి ఏవి చూశారో అడిగేది) కొత్త పదాలకూ "చూశాను" అనేస్తున్నారు, జ్ఞాపకం బలహీనమా అని అడిగాను కదా. సమస్య జ్ఞాపకంలో కన్నా మొగ్గులో, అంటే అనుమానమున్నా ఔననే అలవాటులో, ఎక్కువగా ఉంది. 40 పాత పదాల్లో 36కి, 40 కొత్తవాటిలో 16కి "చూశాను" అంటే పాత, కొత్త పదాలను ఎంత బాగా వేరుచేస్తున్నారో చెప్పే డీ-ప్రైమ్ 1.53 (బాగానే ఉంది), మొగ్గు సూచిక మైనస్ 0.51. అంటే తేలిగ్గా ఔననేస్తున్నారు.

ఇప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కన చూపి ఒకటి ఎంచమంటున్నా. ఔననే మొగ్గుకు అక్కడ చోటు లేదు; పాత పదం సగం సార్లు ఎడమన, సగం కుడిన రావాలి. శాతాలను నేరుగా పోల్చకండి: అదే 1.53కి మొదటి పద్ధతిలో 75 శాతం, ఇందులో దాదాపు 86 శాతం ఒప్పులు వస్తాయి. జంటల్లో వచ్చిన ఒప్పుల శాతానికి జెడ్ విలువ (సాధారణ వితరణ పట్టికలో ఆ శాతానికి ఉండే అంకె) తీసి, 1.414తో గుణించాకే డీ-ప్రైమ్ వస్తుంది.

ఇంకోటి: "నది", "పుస్తకం" లాంటి ఒడియాలోనూ వినిపించే మాటలు రెండు జాబితాల్లోనూ సమంగా పెట్టాలి. రోజూ వినే మాట కొత్త జాబితాలో పడితే ఆ పరిచయమే జ్ఞాపకంలా తోస్తుంది.