ఏటీఆర్ ట్రైనింగ్‌కి ముందే ఫ్లోలు బట్టీ పట్టాలా, ఖాళీగా వెళ్ళాలా?

బ్రాడీపేట_172:
అన్నలూ, ఒక ప్రాంతీయ ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా సెలెక్ట్ అయ్యాను. విమానం ఏటీఆర్ 72-600, రెండు ప్రొపెల్లర్లది. క్లాసులకి ఇంకా 24 రోజులుంది. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేతికొచ్చి 14 నెలలు, అప్పట్నుంచీ ఇంట్లోనే. ఎగిరిన 200 గంటల్లో ఎక్కువ భాగం సెస్నా 172 అనే చిన్న విమానం మీదే. సీనియర్ ఒకాయన తన నోట్సు పీడీఎఫ్ పంపాడు. ఫ్లోలు (ఏ స్విచ్ తర్వాత ఏది అనే వరస), మెమరీ ఐటమ్స్ (ఎమర్జెన్సీలో పుస్తకం చూడకుండా చేయాల్సినవి), కాలౌట్స్ (పైలట్లు ఒకరికొకరు పైకి చెప్పుకునే మాటలు) ఇప్పుడే బట్టీ పట్టనా? ప్రాక్టీసుకి కాక్‌పిట్ ఫొటోతో ఫ్లెక్సీ కూడా వేయించా. షాపతను "శుభాకాంక్షలతో అని కింద ఎవరి పేర్లు వేయాలి సార్" అన్నాడు.

గన్నవరం_రన్‌వే:
ఆ పీడీఎఫ్ ముట్టుకోకు తమ్ముడూ. కంపెనీ మారితే కాలౌట్ మారుతుంది, అదే కంపెనీలో రివిజన్ వచ్చినా మారుతుంది. నేనూ పాత నోట్సు నెల రోజులు వల్లించి వెళ్ళినవాణ్ణే. సిమ్‌లో (సిమ్యులేటర్‌లో) వీ1, అంటే ఇక టేకాఫ్ ఆపకూడని వేగం, దాటగానే ఇంజిన్ ఫెయిల్ ఇచ్చారు. నా నోటికి పాత మాటే వచ్చింది. పక్క సీటతను కొత్త మాట కోసం చూస్తున్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటుంటే విమానం పక్కకి లాగేస్తోంది. అది మరవడానికి నాలుగు సెషన్లు పట్టింది. నువ్వు మారనివి చదువు. ప్రొపెల్లర్ ఫెదర్ అయితే (రెక్కలు గాలికి అడ్డు పడకుండా తిరిగిపోతే) ఏమవుతుంది, పవర్ లీవర్‌కీ కండిషన్ లీవర్‌కీ తేడా ఏంటి, అప్రోచ్ చార్టులు, హోల్డింగ్ ఎంట్రీలు. 14 నెలల్లో నీ ఇన్‌స్ట్రుమెంట్ స్కాన్ (మీటర్ల మీద వరసగా చూపు తిప్పే అలవాటు) తుప్పు పట్టి ఉంటుంది, ముందు అది వదిలించు.

పటమట_కుర్రాడు:
ఫ్లెక్సీకి ఎంతయింది బ్రో?

తెనాలి_టర్బో:
"ఖాళీగా రండి, అన్నీ మేమే నేర్పుతాం" అంటే నమ్మి ఖాళీగానే వెళ్ళాను. సీఆర్ఎం (సిబ్బంది కలిసి పనిచేసే పద్ధతి), డేంజరస్ గూడ్స్, ఎమర్జెన్సీ డ్రిల్స్, వాటి మీద సిస్టమ్స్, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. పక్కవాడు కళ్ళు మూసుకుని ఫ్లో చేస్తున్నాడు, నేను స్విచ్ ఎక్కడుందో వెతుక్కుంటున్నా. బట్టీ పట్టు తమ్ముడూ. మారితే మారనీ.

గన్నవరం_రన్‌వే:
2015 ఫిబ్రవరిలో తైపీలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ 72-600. ఒక ప్రొపెల్లర్ తనంతట తానే ఫెదర్ అయితే, బాగా పనిచేస్తున్న రెండో ఇంజిన్‌ని ఆపేశారు. 43 మంది పోయారు. బుర్ర కంటే చెయ్యి ముందు పరిగెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇది చాలదా?

తెనాలి_టర్బో:
అది నా వైపు సాక్ష్యం. డ్రిల్ ఒంట్లో ఇంకి ఉంటే ఏ ఇంజిన్ పోయిందో చూసి, ఇద్దరూ ఖాయం చేసుకున్నాకే లీవర్ మీద చెయ్యేసేవాళ్ళు.

పటమట_కుర్రాడు:
ఫ్లెక్సీ ఫొటో పెట్టు బ్రో... అయ్యో, ఇది 72-500. 600లో వరసగా అయిదు పెద్ద తెరలుంటాయి.

గన్నవరం_రన్‌వే:
చూశావా! తప్పు కాక్‌పిట్ ముందు కూర్చుని 24 రోజులు ప్రాక్టీస్ చేసేవాడు.

తెనాలి_టర్బో:
నవ్వు. నీకు నాలుగు సెషన్లు ఎక్కువిచ్చారు కాబట్టి నవ్వొస్తుంది. నాకు ఒక్కటీ ఇవ్వలేదు, రెండో చెక్ పరీక్షలో తప్పితే ఇంటికి పంపేశారు. మా నాన్న ఎకరంన్నర అమ్మి చదివించాడు. బ్యాంకు వాయిదా ఇప్పటికీ కడుతున్నాం. "వాళ్ళు నేర్పుతారు" అన్న మాటకి నేను కట్టిన ఖరీదు అది.

గన్నవరం_రన్‌వే:
ఆ సంగతి నాకు తెలియదు అన్నా. తప్పుగా అనుకోకు. నిజమే, నాలాగా మరిచి మళ్ళీ నేర్చుకునే టైము అందరికీ ఇవ్వరు. తమ్ముడూ, ఎక్స్‌ట్రా సిమ్ గురించి ఆఫర్ లెటర్‌లో ఏం రాశారు?

బ్రాడీపేట_172:
ఇప్పుడే చూశా. "కంపెనీ నిర్ణయం మేరకు" అని ఒక్క ముక్క.

తెనాలి_టర్బో:
రేపు ఫోన్ చెయ్యి. ఎన్ని ఇస్తారో మెయిల్‌లో రాసి పంపమను. ఇప్పుడు నడుస్తున్న ఎస్‌ఓపీ (కంపెనీ పద్ధతుల పుస్తకం) ముందే ఇస్తారేమో కూడా అడుగు. ఇస్తే అదే బట్టీ పట్టు.

గన్నవరం_రన్‌వే:
అదిస్తే నేనూ బట్టీ పట్టమనే అంటా.

బ్రాడీపేట_172:
సరే అన్నా, అడుగుతా. ఫ్లెక్సీ మాత్రం డాబా మీద అమ్మ వడియాల కింద పరిచేసింది.