తిరుపతిలో ప్రైవేటు పార్కింగ్ వాళ్ళు కారుకు క్లాంప్ వేసి డబ్బు తీసుకున్నారు, ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. పోయిన వారం అమ్మను కంటి డాక్టరుకు చూపించడానికి తిరుపతి వెళ్ళాం. తిలక్ రోడ్డు దగ్గర ఒక ప్రైవేటు కాంప్లెక్స్ ముందు, వాచ్‌మన్ చెయ్యి ఊపి చూపించిన చోటే కారు పెట్టాను. తిరిగొచ్చేసరికి ముందు చక్రానికి పసుపు రంగు క్లాంప్ బిగించి ఉంది. 'కస్టమర్లకు మాత్రమే' అన్న బోర్డు ఉంది కానీ, దానికి అడ్డంగా పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేశారు. చివరి రెండక్షరాలే కనబడుతున్నాయి.

తీయాలంటే వెయ్యి రూపాయలన్నారు. రసీదు మాత్రం ఇవ్వం అన్నారు. డబ్బు ఎవరిదో సొంత నంబరుకు ఫోన్‌పే చేయించుకున్నారు. కళ్ళలో మందు వేయించుకున్న అమ్మను ఎండలో నిలబెట్టి ఎంతసేపని వాదించను? కట్టేశాను. కొండకు వచ్చే యాత్రికులు, భాష రానివాళ్ళు ఎంతమంది ఇలా ఇచ్చుకుంటున్నారో అని తలుచుకుంటే కడుపు మండిపోతోంది.

1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ చదివాను. బహిరంగ స్థలంలో 10 గంటలు, ఆపైన వదిలేసిన బండికి, లేదా పార్కింగ్ నిషేధించిన చోట పెట్టినదానికి క్లాంప్ వేయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఇచ్చారు. మరి ప్రైవేటు స్థలమైతే సెక్యూరిటీ వాళ్ళే వేసి జరిమానా వసూలు చేయొచ్చా?

క్లాంప్ ఫొటో, పేమెంట్ స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉన్నాయి. ట్రాఫిక్ పోలీసులకు ఇవ్వాలా, ఆ ఏరియా స్టేషన్‌లో ఇవ్వాలా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలా? ఇలా కట్టిన డబ్బు వెనక్కి రాబట్టుకున్నవాళ్ళు ఉంటే ఎలా చేశారో దయచేసి చెప్పండి.