మైక్రో టెసె ముందు చేయించి, ఇక్సీకి తర్వాత వెళ్లొచ్చా?

మా ఆయన సెమెన్ రిపోర్టులో వీర్యకణాలు ‘నిల్’ అని వచ్చింది. మళ్లీ చేయించినా అదే. ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ 22, అంటే ఎక్కువ; వృషణాల సైజేమో తక్కువ. దారిలో అడ్డంకి కాదు, తయారీలోనే లోపం కావచ్చన్నారు డాక్టర్ గారు. మైక్రో టెసెలో, అంటే మైక్రోస్కోప్‌తో వృషణంలో వెతికి కణాలు తీసే ఆపరేషన్‌లో, మంచివి కొన్ని దొరికినా చాలట, ఇక్సీతో ఒక్కో అండంలోకి ఒక్కోటి ఎక్కిస్తారట. అదే రోజు నాకూ అండాలు తీస్తారట.

నా టెన్షన్ అక్కడే. అన్ని ఇంజెక్షన్లు వేయించుకున్నాక ఆయనకేమీ దొరక్కపోతే? ముందు ఆయనకు చేసి, దొరికినవి ఫ్రీజ్ చేయించి, తర్వాత నా సైకిల్ మొదలుపెట్టడం నయం కదా? మరీ కొద్దిగా ఉంటే కరిగించేటప్పుడు పోతాయేమోనని ఇంకో భయం.

కేరియోటైప్ (క్రోమోజోముల పరీక్ష), వై క్రోమోజోమ్ మైక్రోడిలీషన్ (అందులో చిన్న ముక్కలేమైనా లేవేమో చూసేది) టెస్టులు ఇంకా రాయలేదు. వై క్రోమోజోమ్‌లో ఏజెడ్‌ఎఫ్ అనే చోట ఏ గానీ, బి గానీ భాగం పూర్తిగా లేకపోతే ఆపరేషన్ దండగేనని, సి ఒక్కటే లేకపోతే ఆశ ఉంటుందని చదివాను. ముందు అవి రాయమని గట్టిగా అడగనా?

ఇంట్లో ఇంకా చెప్పలేదు. అత్తయ్య గారు నాకే కషాయాలు కాచి ఇస్తున్నారు!

హైదరాబాద్, విజయవాడల్లో చేయించుకున్నవాళ్లు ఏ వరసలో వెళ్లారో, కణాలు దొరక్కపోతే కట్టిన డబ్బులో ఎంత వెనక్కి ఇచ్చారో చెప్పండి ప్లీజ్.